పిల్లల బృందగానాన్ని వేదిక ఎక్కించాలంటే: ఎనిమిది వారాల పని

మీ దగ్గర ఓ పదిహేను ఇరవై మంది పిల్లలు సంగీతం నేర్చుకుంటున్నారు. దసరాకో, త్యాగరాజ ఆరాధనకో ఎవరో ఫోన్ చేసి "మీ పిల్లల చేత ఓ ఇరవై నిమిషాలు పాడించండి టీచర్‌గారూ" అన్నారు. మీరు సరే అనేశారు. ఫోన్ పెట్టేశాక గుండెల్లో రాయి పడింది. ఇది మీకోసమే.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి దగ్గరే పాఠాలు చెబుతాను. మొదటిసారి పిల్లల్ని వేదిక ఎక్కించింది ఒక దసరాకి. పద్నాలుగు మంది. క్లాసులో గడగడా పాడేవాళ్లు. వేదిక మీద పల్లవి బాగానే వచ్చింది. అనుపల్లవి అయ్యాక మళ్లీ పల్లవి అందుకోవాలి, అదీ తాళం దెబ్బ పడ్డాక అర అక్షరం (తాళంలో అర లెక్క) ఆగి. సగం మంది దెబ్బ మీదే ఎత్తుకున్నారు, సగం మంది ఆగి ఎత్తుకున్నారు. ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాటు జనానికి రెండు పాటలు వినపడ్డాయి. మృదంగం అబ్బాయి ఎటు వెళ్లాలో తెలీక నా కోసం చూశాడు. నేను పక్కన తెర చాటున ఉన్నాను. నోరు తెరిచి అందించబోయాను కానీ నా ముందు మైకు లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాక తట్టింది. క్లాసులో ఆ ఎత్తుగడ (పాట అందుకునే చోటు) రోజూ పాడింది పిల్లలు కాదు, నేను. వాళ్లు నా వెనక వచ్చేవాళ్లు, అంతే. కింద రాసిన పనులన్నీ ఆ ఒక్క లోటు పూడ్చుకోవడానికి నేను పడ్డ తిప్పల్లోంచి వచ్చినవే.

ముందు క్యాలెండర్ తీయండి

పాట కంటే ముందు తేదీ చూడాలి. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు, అంటే జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో వస్తుంది. దాని ముందో పక్కనో సంక్రాంతి ఉంటుంది. పిల్లలందరూ అమ్మమ్మగారి ఊళ్లకి వెళ్లిపోతారు, నాలుగు రోజులు అరిసెలు తిని, గాలిపటాల దగ్గర అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వస్తారు. దసరాకైతే దాని ముందు పరీక్షలు అడ్డం. మన బెజవాడలో పదో తరగతి పిల్లకి స్టడీ అవర్ అయ్యేసరికే రాత్రవుతుంది. అలాంటి పిల్లని తీసుకోవద్దని అనను కానీ, ఆమె మీద ఆధారపడి పాట పెట్టుకోకండి.

ఎనిమిది వారాలు ఉంటే మంచిది. వారానికి రెండు రిహార్సల్స్: ఆదివారం పొద్దున గంటన్నర, మధ్యలో ఒక సాయంత్రం ముప్పావు గంట. మొత్తం పదహారు అవుతాయి. అందరూ వచ్చేవి అందులో పది ఉంటే అదృష్టం. లెక్క ఆ పదికే వేసుకోండి.

పాటలు తగ్గించండి

ఇరవై నిమిషాలు అన్నారంటే మీ లెక్క పదహారు నిమిషాలకి ఉండాలి. ఎక్కి కూర్చోవడం, మైకులు సర్దడం, దిగడం, వీటికే నాలుగు నిమిషాలు పోతాయి. వినాయకుడి మీద చిన్న కీర్తన ఒకటి, కాస్త నిలబెట్టి పాడే కీర్తన ఒకటి, చివర్లో హుషారుగా ఉండే అన్నమయ్య సంకీర్తనో తరంగమో ఒకటి. మూడు చాలు. నారాయణతీర్థుల తరంగాలు బృందానికి బాగా కుదురుతాయి. వరస తేలిగ్గా పట్టుబడుతుంది, పల్లవి మాటిమాటికీ తిరిగి వస్తుంది కాబట్టి ఎవరైనా మధ్యలో జారిపోయినా మళ్లీ పట్టుకోవచ్చు. పైగా ఆయనది మన విజయవాడ–గుంటూరు దారిలో ఉన్న కాజ అని చెప్పుకుంటాం. పిల్లలకి ఆ మాట చెబితే బస్సులో వెళ్లేటప్పుడు ఆ బోర్డు చూసి గుర్తు చేసుకుంటారు.

క్షేత్రయ్యది కూడా మన మొవ్వే. కానీ ఆయన పదాలు (శృంగార గీతాలు) మాత్రం పిల్లల బృందానికి వద్దు. ఆ విలంబకాలం (నెమ్మది నడక) పెద్దవాళ్లకే నిలవదు, ఇక ఆ భావం పన్నెండేళ్ల పిల్లకి ఏమని విడమరుస్తాం?

పంచరత్నాల సంగతి కూడా చెప్పాలి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో త్యాగరాజు కీర్తనలు అయిదు. అయిదూ ఆదితాళమే, అయిదూ బృందంగా పాడుకునేవే. అందుకని చాలామంది టీచర్లు "ఒక పంచరత్నం పాడిద్దాం" అంటారు. ఆరాధన రోజు వందమందితో కలిసి కూర్చున్నప్పుడు మీ పిల్లలు పాడేది ఆ వందమందిలో కలిసిపోతుంది. అదే పిల్ల పద్నాలుగు మందిలో, మైకు ముందు, స్వరం తర్వాత సాహిత్యం, సాహిత్యం తర్వాత స్వరం అంటూ చరణాలన్నీ దాటాలంటే కనీసం మూడు నాలుగేళ్ల పాఠం ఉండాలి. లేకపోతే వద్దు. బాలమురళిగారు ఎనిమిదేళ్ల వయసులోనే మన విజయవాడలో కచేరీ చేశారని నాకు ప్రతి సంవత్సరం ఒక తండ్రిగారు గుర్తు చేస్తారు. నిజమే. వాళ్లబ్బాయికి పదకొండేళ్లు, ఇంకా మధ్యమకాలంలో అలంకారాలు తడబడుతున్నాడు.

శ్రుతి తేల్చుకోండి

మొదటి రిహార్సల్లో పాట ముట్టుకోకండి. శ్రుతి, అంటే ఏ స్థాయిలో స పట్టుకోవాలో, తేలాలి.

ఎనిమిది నుంచి పదమూడేళ్ల పిల్లలకి, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, ఐదు శ్రుతి గానీ ఐదున్నర గానీ సరిపోతుంది. ఐదంటే హార్మోనియం మీద ఒకటో తెల్లకట్టె నుంచి లెక్కపెడితే ఐదోది, కీబోర్డు వాళ్లు జి అనేది. ఐదున్నర దాని తర్వాతి నల్లకట్టె. మీరు ఎంచుకున్న మూడు పాటల్లో అన్నిటికంటే పైకి వెళ్లే సంగతి (ఒకే వరసని మార్చి పాడే తీరు), అన్నిటికంటే కిందికి దిగే సంగతి తీసుకుని ప్రతి పిల్ల చేతా విడిగా పాడించి చూడండి. పైన అరుస్తున్నారా, కింద గాలి మాత్రమే వస్తోందా అన్నది నిమిషంలో తెలిసిపోతుంది. ఎక్కువమందికి హాయిగా ఉన్నదే శ్రుతి. మీకు హాయిగా ఉన్నది కాదు.

చిక్కు గొంతు మారే మగపిల్లలతో. పదమూడేళ్లు వచ్చేసరికి నిన్న మొన్నటి దాకా తారస్థాయి గాంధారం తేలిగ్గా పట్టినవాడు హఠాత్తుగా బొంగురుపోతాడు. వాడికి ఐదు శ్రుతి పైన అందదు, కింద స్థాయిలో పాడితే మంద్రంలో మునిగిపోతాడు. వాడిని మందలించకండి, "సరిగ్గా ప్రాక్టీసు చెయ్యట్లేదు" అనకండి. తప్పు వాడిది కాదు. పాడగలిగిన వరసల్లో మాత్రం పాడమనండి, మిగతా చోట్ల తాళం వేయమనండి. లేదా కంజిరో మోర్సింగో లాంటి లయ వాద్యం నేర్చుకోవాలన్న సరదా ఉంటే అదే అదును. నా దగ్గర ఒకబ్బాయి అలా తాళం వేస్తూ కూర్చుని చివరికి బృందం మొత్తానికి లయ పట్టుకొమ్మ అయ్యాడు.

వీణ నేర్చుకునే పిల్ల కూడా ఉంటే ఆమెని కూడా కూర్చోబెట్టాలని అనిపిస్తుంది. వీణ మామూలుగా రెండున్నర, మూడు శ్రుతుల్లో ఉంటుంది. దాన్ని ఐదుకి లాగలేం, పిల్లల గాత్రాన్ని మూడుకి దించలేం. ఆమెకి విడిగా ఒక చిన్న పాట ఇవ్వండి. కలపాలని చూస్తే తంత్రులైనా తెగుతాయి, పిల్లల గొంతులైనా పోతాయి.

ఇక ప్రతి రిహార్సల్‌కీ మొదటి అయిదు నిమిషాలు తంబురా పెట్టి స–ప–స మాత్రమే. ముందు నోరు మూసుకుని గుంజనం, తర్వాత అకారం. సగంమంది పాడితే సగంమంది కళ్లు మూసుకుని వినాలి. "ఎవరి గొంతు బయటికి వినపడుతోంది?" అని అడగండి. పేర్లు చెప్పేస్తారు పిల్లలు, మొహమాటం లేదు వాళ్లకి. ఆ పేరు వచ్చిన పిల్ల మర్నాటికి తనే తగ్గించుకుంటుంది. 1948లో మొదలైన మన ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో తెల్లవారుజామున వచ్చే భక్తిరంజని విన్న తరానికి ఈ చెవి ఉండేది. అందులో బృందగానం వస్తే ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో తెలిసేది కాదు. ఇప్పటి పిల్లలు వినేదంతా ఒక గాయకుడు, వెనక సంగీతం. పదిమంది కలిస్తే ఎలా ఉండాలో వాళ్ల చెవికి మనమే అలవాటు చేయాలి.

అందరిదీ ఒకే పాఠాంతరం

బృందంలో సగం గొడవలకి కారణం పాఠాంతరం (ఒకే పాటని ఒక్కొక్కరు నేర్చుకున్న తీరు) తేడాలే. ఒక పిల్ల ఇంతకుముందు గుంటూరులో ఇంకో టీచర్ దగ్గర నేర్చుకుంది. ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ దగ్గర. ఒకడు యూట్యూబ్‌లో విని వచ్చాడు. అందరికీ పాట వచ్చు, పల్లవిలో మూడో సంగతి మాత్రం ఎవరిది వాళ్లదే. విడివిడిగా అన్నీ బాగుంటాయి, కలిపితే సంత.

కాబట్టి సంగతులు లెక్కపెట్టండి. పల్లవికి ఎన్ని, అనుపల్లవికి ఎన్ని, ఒక్కోటి ఎన్నిసార్లు. సొలోకి పాడే ఆరు సంగతుల్లో బృందానికి మూడు చాలు. కష్టమైన గమకం ఉన్నది కోసేయండి. ఆ కోతకి బాధపడకండి. ఆరు సంగతులు చెల్లాచెదరుగా పాడడం కంటే మూడు సంగతులు ఒక్క గొంతులా వస్తే వినేవాడి ఒళ్లు జలదరిస్తుంది. తేల్చినదాన్ని ఒక కాగితం మీద స్వరంతో సహా రాసి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. దానితోపాటు మీ గొంతుతో ఒక్కో వరసా విడిగా రికార్డు చేసి పంపండి. ఇంట్లో ప్రాక్టీసుకి ఇదొక్కటే ఆధారం, వేరే రికార్డు వినవద్దని గట్టిగా చెప్పండి.

సాహిత్యం దగ్గర ఇంకో మాట. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మీడియం. పాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. ఆ అక్షరాల్లో 'ల'కీ 'ళ'కీ తేడా ఉండదు, 'న', 'ణ' ఒకటే. ఒకసారి ఒక పిల్ల 'చరణములే' అనాల్సిన చోట 'చరనములే' అని పాడుతుంటే నాలుగుసార్లు సరిచేశాను, మళ్లీ అదే. చివరికి పుస్తకం తీసి చూస్తే తప్పు నోటిది కాదు, రాతది. అప్పటినుంచి నా దగ్గర నియమం: పాట తెలుగు అక్షరాల్లోనే రాయాలి, తప్పులతో రాసినా సరే. మొదటి వారం పాడించను, చదివిస్తాను. పద్యం చదివినట్టు, అర్థం చెబుతూ. అప్పుడే పెన్సిల్‌తో ఊపిరి గుర్తులు పెట్టిస్తాను. 'మరువకరా' అన్న మాటని 'మరు' దగ్గర ఊపిరి తీసుకుని 'వకరా' అంటే వినేవాళ్లకి నవ్వొస్తుంది. పొడుగు కార్వై (ఒకే స్వరం మీద నిలబడడం) ఉంటే ఎడమ వరస ఒకచోట, కుడి వరస ఇంకోచోట ఊపిరి తీసుకోవాలని ముందే పంచేయండి. నాదం తెగదు.

నాలుగో వారం నుంచి మీరు పాడకండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

మొదటి మూడు వారాలు మీరు పాడండి, కావలసినన్నిసార్లు. నాలుగో వారం మొదటి రిహార్సల్ నుంచి మీ నోటికి తాళం. చేత్తో తాళం కూడా వేయకండి. వింటూ కూర్చోండి. మొదటి రోజు ఘోరంగా ఉంటుంది. పాట మొదలే అవ్వదు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "టీచర్, మీరు ఎత్తివ్వండి" అంటారు. ఇవ్వకండి. నాకు మొదటిసారి ఆ పదినిమిషాలు నాలుక కొరుక్కుంటూ గడిచాయి. నేర్పేవాళ్లకి అపశ్రుతి విని ఊరుకోవడం కంటే కష్టం ఇంకోటి లేదు.

ఆ ఖాళీలో ఎవరో ఒకరు ముందుకొస్తారు. ఎక్కువసార్లు అది అందరికంటే బాగా పాడే పిల్ల కాదు, లయ గట్టిగా ఉన్న పిల్ల. ఆమెని నాయకురాలిని చేయండి. ముందు వరస మధ్యలో కూర్చోబెట్టండి. ఎత్తుగడకి ముందు ఆమె తల కొద్దిగా పైకెత్తి ఊపిరి తీసుకుంటుంది. మిగతావాళ్లు ఆ ఊపిరితోపాటు ఊపిరి తీసుకోవాలి. అంతకు మించి సైగలు వద్దు. ఆమె రాని రోజుకి ఇంకొకరు కూడా తయారుగా ఉండాలి, జ్వరాలు మన టైంటేబుల్ చూసుకుని రావు కదా.

ఎత్తుగడ కోసం ఇలా చేయించండి. పాట లేదు. తాళం మాత్రమే. ఆదితాళంలో దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఒక ఆవర్తనం అంతా మౌనం, తర్వాతి ఆవర్తనంలో పల్లవి మొదటి మాట మాత్రం పాడి ఆగిపోవాలి. మళ్లీ మౌనం. మళ్లీ ఆ మాట. ఇరవైసార్లు. అనుపల్లవి చివరి మాట నుంచి పల్లవి మొదటి మాటకి వచ్చే ఆ అతుకు ఇంకో ఇరవైసార్లు. పాటలు విరిగేది అతుకుల దగ్గరే, మధ్యలో కాదు. మనం మాత్రం ప్రతిసారీ మొదటినుంచి చివరిదాకా పాడించి సంతృప్తి పడతాం.

కాలప్రమాణానికి (వేగం మారకుండా ఉండడానికి) నాకు బాగా పనికొచ్చినది మౌన ఆవర్తనం. ఒక ఆవర్తనం పైకి పాడాలి, తర్వాతిది మనసులో పాడాలి, మళ్లీ పైకి. చేతులు తాళం వేస్తూనే ఉంటాయి. తిరిగి పైకి వచ్చేటప్పుడు అందరూ ఒక్కసారి వచ్చారా, ఎవరైనా ముందే వచ్చేశారా? పిల్లలు ఎప్పుడూ ముందే వస్తారు. పరుగు వాళ్ల నైజం. వేదిక మీద టెన్షన్ తోడైతే ఇంకా పరుగు. మెట్రోనోమ్ (సమానంగా టిక్ టిక్ మని లయ కొట్టే) యాప్‌లో మీ పాటకి సరైన వేగం చూసి, ఆ అంకె నోటు పుస్తకంలో రాసుకోండి. నిమిషానికి 66 అనుకుందాం. ప్రతి వారం పాట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవండి. మొదట్లో 66 ఉండి చివరికి 74 అయిందంటే ఎక్కడ పెరిగిందో పట్టుకోండి. దాదాపు ఎప్పుడూ చరణం మధ్యలోనే.

ఇంకో పద్ధతి: బృందాన్ని రెండు చేసి ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక ఆవర్తనం ఇటువైపు, ఒకటి అటువైపు. ఇది వాళ్లకి కబడ్డీ ఆటంత ఇష్టం. వద్దన్నా చెవులు రిక్కించి వింటారు.

మీరు పాడడం మానేశాక ఫోన్ తీసుకుని గది చివర నిలబడి రికార్డు చేయండి. దగ్గర్నుంచి వినేటప్పుడు మీకు నచ్చిన పిల్ల గొంతే వినపడుతుంది. దూరం నుంచి బృందం వినపడుతుంది.

పక్కవాద్యాలు

వయొలిన్, మృదంగం వాళ్లతో కనీసం మూడు రిహార్సల్స్. "ఆ రోజు వచ్చేస్తారులెండి, పిల్లల పాటేగా" అనేవారి మాట వినకండి. పెద్ద విద్వాంసుడు ఉన్నపళంగా సర్దుకోగలడు. మీ పిల్లలు ఆయన వాయించే నడకకి సర్దుకోలేరు. మృదంగం హఠాత్తుగా జోరందుకుంటే వాళ్లు తాళం వదిలేసి ఆయన వేళ్ల వైపు నోరెళ్లబెట్టి చూస్తారు.

మృదంగం విషయంలో శ్రుతి ముందే చెప్పాలి. ఐదుకి వాయించేది చిన్న వాయిద్యం, హెచ్చు శ్రుతిది. మగవాళ్ల కచేరీకి వాయించే తగ్గు శ్రుతి మృదంగం తెచ్చి ఐదుకి బిగించమంటే కుదరదు. ఫోన్‌లోనే "మాస్టారూ, పిల్లలది ఐదు, హెచ్చు శ్రుతి వాయిద్యం తెచ్చుకోండి" అని చెప్పేయండి. ఇరవై నిమిషాల్లో తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) పెట్టకండి. మృదంగం నేర్చుకునే పిల్లవాడే అయితే చివరి పాటకి ముందు ఒక్క నిమిషం ఇవ్వండి, వాడి తల్లిదండ్రులూ వచ్చి కూర్చుంటారు కదా.

ముగింపు మాత్రం ఖాయంగా తేల్చుకోవాలి. ఆఖరి పల్లవి ఎన్నిసార్లు, ఎన్నో సారికి ముక్తాయింపు, ఏ అక్షరం మీద ఆగాలి. పాట అయిపోయాక ఒక పిల్ల గొంతు ఒంటరిగా ఇంకో పల్లవి ఎత్తుకోవడం నేను కనీసం నాలుగు కార్యక్రమాల్లో చూశాను.

తప్పుని కూడా రిహార్సల్ చేయండి

ఏడో వారంలో కావాలని ఆటంకాలు పెట్టండి. పాట మధ్యలో తంబురా ఆపేయండి. లైటు ఆర్పండి. మీరే లేచి అటూ ఇటూ నడవండి. ఒకరి చెవిలో "చరణం రెండో వరస తప్పుగా పాడు" అని ముందే చెప్పి ఉంచండి. మిగతావాళ్లకి నియమం ఒక్కటే: తప్పు వినపడితే తల తిప్పకూడదు, నవ్వకూడదు, నాయకురాలి గొంతు పట్టుకోవాలి. తనే తప్పిపోయిన పిల్ల నోరు మూసుకుని తాళం వేస్తూ, పల్లవి వచ్చినప్పుడు ఎక్కాలి.

వరసలు, గాజులు, తల్లులు

ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆరో వారానికే తేల్చి ప్రకటించండి. చివరి రోజుకి వదిలితే "మా అమ్మాయి వెనక వరసలో ఎందుకు?" అన్న ప్రశ్నకి వేదిక పక్కన నిలబడి జవాబు చెప్పుకోవాలి. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక అన్నది అందరికీ అర్థమయ్యే కారణం. గట్టి గొంతులని మధ్యలో పెట్టి, బెరుకు గొంతులని వాళ్ల పక్కన కూర్చోబెట్టడం అసలు కారణం. రెండోది బయటికి చెప్పక్కర్లేదు. పిల్లలకి ఎడమవైపు వయొలిన్, కుడివైపు మృదంగం. అలా కూర్చుంటే మృదంగం కుడిమూత జనం వైపు ఉంటుంది.

బట్టలు ఒకే రంగైతే చాలు, కొత్తవి కొనిపించకండి. కానీ ఏడో వారం ఒక రిహార్సల్ ఆ బట్టలతోనే జరగాలి. పట్టు పరికిణీ వేసుకుని జంపఖానా మీద బాసింపట్టు వేసి ఇరవై నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది ఎక్కడ బిగుస్తోందో. ఆ రోజే నాకు గాజుల సంగతి తెలిసింది. పదిమంది ఆడపిల్లలు, చేతినిండా మట్టిగాజులు, ఆదితాళం. ప్రతి దెబ్బకీ గల్లుమని ఒక మోత, అదీ ఒక్కసారి కాదు, ఒకరి తర్వాత ఒకరు. తొడ మీద గట్టిగా చరుస్తూ తాళం వేసేవాళ్ల చప్పుడు కూడా మైకులో డప్పులా వస్తుంది. కుడిచేతికి గాజులు వద్దు, తాళం మెత్తగా వేయాలి. తల్లులు కొంచెం గొణిగారు. రికార్డింగ్ వినిపించాక మాట్లాడలేదు.

మైకులు

మైకు అతనితో ముందురోజే మాట్లాడి, చిన్న చీటీ రాసివ్వండి: గాత్రానికి నాలుగు, వయొలిన్‌కి ఒకటి, మృదంగానికి రెండు, తంబురాకి ఒకటి. నలుగురు పిల్లలకి ఒక మైకు, నోటి ఎత్తులో, అడుగున్నర దూరంలో, స్టాండు మీద. చేతికి ఇవ్వొద్దు. చేతికి వస్తే పట్టుకున్న పిల్ల సొలో అయిపోతుంది.

ఇంకో రెండు మాటలు తప్పకుండా చెప్పండి. ఒకటి, ఎకో తీసేయమని. మనవాళ్లకి ఎకో అంటే మోజు. భక్తి పాటంటే గుహలోంచి రావాలనుకుంటారు. దాంతో పిల్లలకి తమ గొంతు ఆలస్యంగా వినపడి లయ తప్పుతుంది. రెండు, పిల్లల వైపు తిప్పి ఒక స్పీకర్ పెట్టి అందులో తంబురా, మృదంగం వినిపించమని. పెద్ద హాలులో, తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి చోట, శబ్దం అంతా జనం వైపు వెళ్లిపోతుంది. వేదిక మీద కూర్చున్నవాళ్లకి పక్కవాడి గొంతు తప్ప ఏదీ వినపడదు. సౌండ్ చెక్‌కి "హలో హలో" అనిపించకండి. మీ పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే వరస పాడించండి.

తంబురా ఫోన్ యాప్‌లో పెడుతున్నారా? ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఒకసారి నా పిల్లలు చరణంలో ఉండగా తంబురా ఆగిపోయి, హాలంతా నా రింగ్‌టోన్ మోగింది. లోన్ కావాలా మేడం అని అడగడానికి.

ఆ రోజు

చెప్పిన టైముకి కార్యక్రమం మొదలవ్వదు. జ్యోతి ప్రజ్వలన ఉంటుంది, ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఉంటారు, శాలువాలు ఉంటాయి. దసరా రోజుల్లో అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో కొండ చుట్టుపక్కల దారులన్నీ మళ్లిస్తారు, గుంటూరు వైపు నుంచి వచ్చే పిల్లలైతే బ్యారేజి దగ్గరే గంట పోవచ్చు. గంటన్నర ముందు రమ్మని చెప్పండి. పాటకి రెండు గంటల ముందే తినేయాలి, కడుపు నిండా కాదు. నేను పులిహోర పొట్లాలు కట్టించుకెళ్తాను, కార్యక్రమం అయ్యాక తినడానికి. నీళ్లు ఇంటి నుంచి. బాత్రూముకి చిన్నవాళ్లని ముందే పంపండి. "రావట్లేదు" అన్నవాళ్లని కూడా.

ఆలస్యమైతే ఏమవుతుందో మీకు తెలుసు. నిర్వాహకులు చేతులు నలుపుకుంటూ వచ్చి "టీచర్‌గారూ, ఓ పన్నెండు నిమిషాల్లో కానిచ్చేస్తారా" అంటారు. ఇది దాదాపు ప్రతిసారీ జరుగుతుంది, కోపం తెచ్చుకుని లాభం లేదు. దీనికి మందు ముందే ఉండాలి. మా దగ్గర రెండు జాబితాలు ఉంటాయి: పెద్దది, చిన్నది. చిన్నదానిలో మొదటి కీర్తన, చివరి తరంగం మాత్రమే, రెండిట్లోనూ సంగతులు రెండేసి. ఎనిమిదో వారంలో చిన్న జాబితా కూడా రెండుసార్లు పాడిస్తాను. అప్పుడు వేదిక పక్కన నిలబడి నేను "చిన్నది" అన్న ఒక్క మాట చెబితే నాయకురాలు తలూపుతుంది. అంతే. అక్కడ నిలబడి "ఏ పాట తీసేద్దాం" అని చర్చ పెడితే పిల్లల మొహాలు పాలిపోతాయి. తీసేసిన పాటలో ఏ పిల్లకైనా విడిగా ఒక వరస ఉంటే, ఆ వరస చిన్న జాబితాలో ఇంకోచోట ఇచ్చి ఉంచండి. లేకపోతే ఆ పిల్ల వాళ్ల తాతగారు తెనాలి నుంచి వచ్చి ఉంటారు.

ఎక్కే ముందు కొత్త జాగ్రత్తలు చెప్పకండి. "ఆ సంగతి మర్చిపోకు" అంటే అదే మర్చిపోతారు. చేతులు చల్లబడ్డ పిల్లల అరచేతులు రెండు చేతులతో రుద్దండి. తంబురాతో మెల్లగా స–ప–స గుంజనం చేయించండి. మీరు ముందు వరసలో, వాళ్లకి కనపడేలా కూర్చోండి. తాళం మీ ఒళ్లోనే వేసుకోండి. పెదవులు కదపకండి. కదిపితే పద్నాలుగు జతల కళ్లు మీ పెదవుల మీదే ఉంటాయి, నాయకురాలి ఊపిరి ఎవరూ చూడరు.

దిగాక

అక్కడికక్కడే తప్పులు చెప్పకండి. వాళ్లకి తెలుసు. పులిహోర పెట్టండి, ఫొటో తీయండి. రికార్డింగ్ వచ్చే ఆదివారం క్లాసులో అందరూ కలిసి వినండి, ముందు వాళ్లనే చెప్పమనండి.

పిల్లల్ని ఎవరి చేతికి అప్పగించారో కాగితం మీద పేరు పక్కన టిక్ పెట్టుకోండి, చీకట్లో హడావిడిలో బాబాయి తీసుకెళ్లాడా ఆటో ఎక్కిందా అని ఫోన్లు చేసుకోవడం నరకం. ఆఖరి పిల్ల వెళ్లాక ఒకసారి వేదిక ఎక్కి చూడండి. మృదంగం గవుసు, వయొలిన్ రోజిన్, ఒకటి రెండు వాటర్ బాటిల్స్, ఎవరిదో చెవి జుంకా ఉంటాయి. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె మాత్రం ప్లగ్గులోనే ఉండిపోతుంది. నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాను. రెండోసారి వాచ్‌మన్ గేటు తీస్తూ, "ఇందాకట్నుంచి అది పాడుతూనే ఉందమ్మా" అన్నాడు.